పక్కకు పడిన నీడ

కప్పు వేసిన అరవై నాలుగో ఏడు
ఫిబ్రవరి 8, ఆదివారం

ఈ రోజు మొదటి వింత: గోడ మీది ఫొటోలో మనిషి నీడ పక్కకు పడుకుని ఉంది.

మా ఊళ్ళో నీడలు అలా ఉండవు. దీపాలన్నీ కప్పుకే వేలాడతాయి కాబట్టి నీడ ఎప్పుడూ కాళ్ళ కిందే, చిన్న చాప ముక్కలా ఉంటుంది. ఈ ఫొటోలో నీడ మడమల దగ్గర మొదలై, వీధి దాటి, వెనక గోడ కూడా ఎక్కింది. గోడ తుడుస్తున్న గుడ్డ చేతిలోనే ఉండిపోయింది. ఎంతసేపు చూశానో తెలియదు, మాస్టారు వచ్చి "శౌరీ, సున్నం ఆరిపోతోంది" అన్నారు.

ఈ నెల గోడ పని నా వంతు. బడి ముందు గోడకు సున్నం కొట్టడం, ఫొటో బిగించడం, పక్కన పీట వేయడం. ప్రతి ఆదివారం ఒకే ఒక్క ఫొటో. ముందు మెచ్చుకోవాలి, తరవాత తప్పు పట్టాలి, చివరి మాట పీట మీద కూర్చున్నవాళ్ళది. అంటే ఫొటోలో ఉన్నవాళ్ళది. వీధిలో ఫొటో అడగకుండా తీయాలి, తీశాక మాత్రం అడగాలి. ముందే అడిగితే మొహం మారిపోతుంది, తరవాత కూడా అడక్కపోతే అది దొంగతనం అంటారు మా ఏడుకొండలు మాస్టారు.

ఈ వారం పీట మీద పుట్టగొడుగులమ్మే యలమంద. ఫొటో తీసింది జానీబీ పిన్ని. ఆమె నాకు చుట్టం కాదు, ఊళ్ళో పిల్లలందరికీ పిన్నే. ఫిల్ము నలుపు తెలుపే. రంగులకు కావలసిన మందులు ఎప్పుడో అయిపోయాయి. ఆసుపత్రిలో మిగిలిన పాత ఎక్స్‌రే రేకుల నుంచి తీసిన వెండితో నెలకు ఒక ఫిల్ము చుట్ట తయారవుతుంది.

ఫొటోలో చోటు మూడో మెట్టు వీధి. ఒక పక్క సున్నపు గోడ, ఇంకో పక్క ఊరి నడిమి గుంతలోకి పడిపోకుండా పెట్టిన ఇనప కడ్డీల కంచె. యలమంద నెత్తిన గంప. ఒక చెయ్యి గంప మీద, రెండో చెయ్యి కనుబొమల పైన చూరులా అడ్డంగా ఉంది. కళ్ళు దాదాపు మూసుకుపోయాయి. ఎడమ అంచున ఎవరో ఆడమనిషి మడమ, చీర కుచ్చెళ్ళ కొస, అంతే.

ముందు అంకం లేచాడు. వాడూ నేనూ ఒకే బెంచీ.

"తెలుపులు మూడున్నయ్యి మాస్టారూ. గోడ తెలుపు, చొక్కా తెలుపు, ఆయన బుగ్గ మీద తెలుపు. మూడోది ఎట్టా వచ్చిందో నాకు అర్థం కాలా."

"అర్థం కాలేదని చెప్పడం కూడా మెచ్చుకోలే. కూర్చో."

నేను ఆ మడమను మెచ్చుకున్నాను. అది ఫొటోలోంచి వెళ్ళిపోతోంది కాబట్టి, ఫొటో ఆగిన చోట వీధి ఆగిపోలేదని తెలుస్తోంది అన్నాను. మాస్టారు తల ఊపారు. అప్పుడు తప్పు పట్టే వంతు వచ్చింది. ఉదయం నుంచి మనసులో చెక్కుకుంటున్న వాక్యం పైకి చదివాను.

"చెయ్యి నటిస్తోంది, నీడ సాక్ష్యం చెబుతోంది."

తరవాత చప్పట్లు. కనుబొమల మీద చెయ్యి అలా ఎవరు పెట్టుకుంటారు? నీడ అలా ఎక్కడ పడుతుంది? పక్క నుంచి ఎవరో పెద్ద దీపం పట్టుకుంటే తప్ప. నాకు మాత్రం ఆ చప్పట్లలో నా వాక్యం తప్ప ఏమీ వినిపించలేదు.

మాస్టారు యలమంద వైపు తిరిగారు. "ఏం యలమందా, నిన్ను ఎవరైనా అట్లా నిలబడమన్నారా?"

"ఎవురూ అన్లేదయ్యా. కళ్ళల్లో ఏందో కొట్టింది. తెల్లంగా."

"దీపమా?"

"దీపమే అయ్యుంటది. ఇంకేముంటయి ఇక్కడ? ఆయమ్మ చేతిలో అయితే నేను చూళ్ళేదు గానీ..."

మిగతా మాట నవ్వుల్లో కలిసిపోయింది. వెనక నుంచి ఎవరో, "రేపట్నుంచి నీ పుట్టగొడుగులకి టిక్కెట్టు పెడతావా ఏంది?" అన్నారు. యలమంద కూడా నవ్వాడు. జానీబీ పిన్ని నవ్వలేదు.

పెట్టుడు ఫొటో అంటే మా ఊళ్ళో చిన్న మాట కాదు. మా అమ్మ పుట్టక ముందు, అయిదో మెట్టు జనం తిండి లేక మాడుతుంటే, అక్కడ నవ్వుతున్న పిల్లల ఫొటోలు గోడెక్కాయి. పై మెట్టు పిల్లల్ని తీసుకెళ్ళి నిలబెట్టి తీశారని ఆలస్యంగా తెలిసింది. అప్పటికి చాలామంది పోయారు. ఆ తరవాత నుంచి పెట్టుడు ఫొటో తీసినవాళ్ళ మెడలో కెమెరా ఉండనివ్వరు.

వచ్చే ఆదివారం ఉదయం ఇలాంటి ఫిర్యాదులు తేల్చే గోడ పెద్దలు విచారణకు కూర్చుంటారు. నా వాక్యమే ఫిర్యాదు.

ఫిబ్రవరి 9, సోమవారం

నీళ్ళ క్యూలో నా ముందున్న ఇద్దరు నా వాక్యాన్ని ఒకరికొకరు అప్పజెప్పుకుంటున్నారు. ఫొటో కింద దాన్ని బొగ్గుతో రాశారు. గోడ మీద రాసింది వారం దాకా చెరపకూడదు. రాసినవాళ్ళు కూడా చెరపకూడదు.

జానీబీ పిన్ని తన బిందెతో వచ్చి నా వెనక నిలబడింది. కెమెరా ఎప్పటిలాగే మెడలో.

"బాగా రాశావే. వాక్యం మంచిగా నడిచింది."

ఎగతాళి అనుకున్నాను. మొహం చూస్తే కాదు.

"పిన్నీ, దీపం ఎవరు పట్టుకున్నారు?"

"నన్నడుగుతావేంది? నీడ నీతోనే కదా మాట్లాడింది."

క్యూ రెండు బిందెలు ముందుకు జరిగింది. తరవాత తనే చెప్పింది. "నేను చెయ్యి చూశానే. చెయ్యి లేచింది, నొక్కాను. నీడ సంగతి ఫిల్ము కడిగాక గానీ తెలవలా. ఫిల్ము పాడయిందనుకున్నా. పారేద్దామనుకున్నా, చేతులు రాలా."

"మరి ఆ మాట నిన్నే ఎందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పేది? నాకే తెలవనిదాన్ని."

ఆదివారం కెమెరా తీసేసుకుంటే ఏం చేస్తావని అడగలేకపోయాను. అడక్కుండానే, తన వంతు బిందె కుళాయి కింద పెడుతూ అంది: "ఇది లేకపోతే ఇంట్లోంచి ఎందుకు బయటికి రావాలో కూడా నాకు తెలీదు శౌరీ."

మా ఊరు ఒకప్పుడు సున్నపురాయి గని. ఎండలకు తాళలేక తాతల కాలంలో జనం ఇందులోకి దిగి పైన కప్పు వేసుకున్నారు. రాయి తవ్విన అంచులే అయిదు మెట్లు, అయిదు వీధులు. ఎటు చూసినా చూపు వెళ్ళి అవతలి గోడకు తగిలి ఆగుతుంది. పుట్టినప్పటి నుంచి అంతే కాబట్టి నాకు అది ఎప్పుడూ ఇరుకు అనిపించలేదు. ఈ రోజు అనిపించింది. ఏ వీధిలోకి వెళ్ళినా నా వాక్యం ఎదురొస్తోంది, తప్పుకోవడానికి ఇంకో వీధి లేదు.

ఫిబ్రవరి 11, బుధవారం

పిన్ని ఇంటి మెట్ల కింద ఫొటోలు కడిగే గది. ఇద్దరు నిలబడితే మోచేతులు తగులుతాయి. పులిసిన వాసన. తలుపు వేశాక ఎర్ర దీపం ఒక్కటే. నాకు ఊపిరాడలేదు గానీ పైకి చెప్పలేదు.

"ఎందుకొచ్చావు?"

"దీపం ఎక్కడ పెట్టారో కనుక్కుందామని."

"అంటే ఇంకా నన్ను నమ్మలా."

"నమ్మాలనే వచ్చాను పిన్నీ."

ఆమె తలుపు తీసి, ఆ రోజు ఫిల్ము ముక్కను బయటి దీపం వెలుగులో పట్టుకుంది. అదే చోట వరసగా మూడు ఫ్రేములు. నెగెటివ్‌లో నలుపు తెలుపు తారుమారు. యలమంద మొహం నల్లగా, నీడ తెల్లగా. చూస్తూ ఉంటే నాకొక విషయం తట్టింది. ఆదివారం అందరం మనిషి నీడనే చూశాం. కంచె కడ్డీల నీడలు ఎవరూ చూడలేదు. అవి గోడ మీద దువ్వెన పళ్ళలా వరసగా ఉన్నాయి. మొదటి పన్ను కుళాయి మీద, చివరిది గోడ పగులు మీద. మధ్యలో లెక్కపెట్టుకోవచ్చు.

ఫొటోను మెచ్చుకోవడం అంటే పొగడడం కాదు, ఏం చూశావో చెప్పడం అని మాస్టారు మొదటి తరగతిలోనే చెప్పారు. నేను వాక్యం చూశాను. ఫొటో చూడలేదు.

సాయంత్రం మూడో మెట్టుకు తాడు తీసుకుని వెళ్ళాను. కుళాయి నుంచి పగులు వరకు ఎంత పొడుగో, కంచెలో అన్నే కడ్డీలు పట్టిన చోటు కూడా అంతే పొడుగు. జానెడు కూడా తేడా లేదు. దీనికి అర్థమేమిటో ఇంకా తెలియదు. నిద్ర వస్తోంది గానీ పడుకోవాలని లేదు.

ఫిబ్రవరి 12, గురువారం

సాయంత్రం కప్పు దీపాలు సగానికి తగ్గించాక, బడి లాంతరు తీసుకుని అంకాన్ని మూడో మెట్టుకు లాక్కెళ్ళాను. పిన్ని ఫొటోను దీపంతో మళ్ళీ తయారుచేయగలమా అన్నది నా ప్రశ్న.

అంకం కంచె అవతలికి చెయ్యి చాచి లాంతరు పట్టుకున్నాడు. కడ్డీల నీడలు గోడ మీద విసనకర్రలా విచ్చుకున్నాయి. కుళాయి నుంచి మొదలుపెడితే పగులు దాటి ఎక్కడికో పోయాయి.

"దగ్గరైంది. దూరం జరుగు."

"ఇంకా యాడికి జరిగేది? గుంతలో పడమంటావా?"

వీధి మలుపు దాకా వెళ్ళి, కర్ర చివర లాంతరు కట్టి బయటికి చాపాడు. కొంచెం మెరుగు, కానీ పళ్ళు ఇంకా విచ్చుకునే ఉన్నాయి. దీపం దూరం వెళ్ళేకొద్దీ నీడలు దగ్గరకు చేరుతున్నాయి, అది మాత్రం తెలిసింది. చివరికి వాడు తిట్టుకుంటూ గుంత చుట్టూ తిరిగి అవతలి గోడ దగ్గరకు వెళ్ళాడు. అక్కడి నుంచి లాంతరు మినుకు మినుకుమంటోంది. నీడలు కళ్ళు చిట్లిస్తే తప్ప కనపడడం లేదు. అయినా తాడు పెట్టి కొలిచాను. దాదాపు సరిపోయింది. చివరి కడ్డీ నీడ పగులును రెండు వేళ్ళు దాటింది.

అవతలి గోడ నుంచి కూడా రెండు వేళ్ళు తేడా. అంటే ఆ వెలుగు అవతలి గోడకన్నా దూరం నుంచి వచ్చింది. అవతలి గోడ తరవాత మా ఊరు లేదు.

అంకం రొప్పుతూ తిరిగి వచ్చాడు. "తేలిందా ఏందైనా?"

చెప్పాను. వాడు లాంతరు కింద పెట్టి, గోడ పైకి, కప్పు అంచు వైపు చూశాడు. నేనూ చూశాను. చీకటి తప్ప ఏమీ లేదు.

"చిల్లు పడిందంటావా?"

"అనడం లేదు. రేపు పొద్దున వచ్చి చూస్తాను."

"చిల్లు కనపడితే అదే రోజు కప్పువాళ్ళకి చెప్పాల. ఒకటో తరగతిలోనే నేర్పిచ్చారు."

"ఇంకా కనపడలేదు కదా."

వాడు నవ్వలేదు. "నువ్వీ మధ్య మాటలతో బాగా తప్పించుకుంటున్నావే" అన్నాడు.

ఫిబ్రవరి 13, శుక్రవారం

చూశాను.

రెండో గంట కొట్టాక వచ్చింది. కుళాయి దగ్గర కాదు, కొంచెం పక్కకు, పంపు గది తలుపు దగ్గర. అవతలి గోడ పైన, కప్పు రాయికి ఆనుకునే చోట సన్నని గీత. ముందు అది తెల్లబడింది, తరవాత చూడలేనంత అయింది. వీధి మీద ఒక పలక పరిచినట్టు పడింది. కడ్డీల నీడలు నిటారుగా, ఒకదానికొకటి తగలకుండా గోడ ఎక్కాయి. నేను అందులోకి అడుగుపెట్టగానే నా చెయ్యి దానంతటదే లేచి కనుబొమల మీదకు వచ్చింది. ఎవరూ నేర్పలేదు. ఎవరూ చెప్పలేదు. నటన అని నేను రాసిన చెయ్యి అది.

బుగ్గ వెచ్చబడింది. మా ఊళ్ళో దీపాలు మరీ ఎత్తులో ఉంటాయి, అంత దూరం నుంచి వచ్చే వెలుగుకూ వేడి ఉంటుందని నాకు తెలియదు. నాకు ఇష్టమైన మాటలు చాలా ఉన్నాయి, నిఘంటువులోంచి ఏరుకున్నవి. అప్పుడు ఒక్కటీ గుర్తుకు రాలేదు.

బిందె నిండేంతసేపు ఉండి వెళ్ళిపోయింది.

వెనక యలమంద గంపతో నిలబడి ఉన్నాడు. ఎప్పుడు వచ్చాడో. "ఇదే పాపా. ఆ పొద్దు నన్ను కొట్టింది ఇదే" అన్నాడు మెల్లగా. తరవాత, "మరి ఆయమ్మకి దీపం అంటగట్టానే" అని గంప దించి అరుగు మీద కూర్చున్నాడు.

ఆయన చెప్పింది విన్నాక ఇంకో భయం పట్టుకుంది. ఆయన ఈ దారినే రోజూ వస్తాడు. నేల మీద తెల్లటి మచ్చ రోజూ కొంత కొంత పంపు గది వైపు జరగడం చూశాడట, ఏదో దీపానిదే అనుకున్నాడట. నేను నేల మీద బొగ్గుతో గీత గీసి చూసుకున్నాను. ఇంకో రెండు మూడు రోజుల్లో అది పంపు గది గోడ వెనక్కి పోతుంది. అక్కడికి ఎవరూ వెళ్ళలేరు.

కప్పువాళ్ళకు ఈ రోజే చెప్పాలి. చెబితే సాయంత్రానికల్లా సున్నం కూరి మూసేస్తారు. మూసేస్తే ఆదివారం పెద్దలకు ఏం చూపించను? చెప్పకపోతే నియమం తప్పినదాన్ని. వేడి లోపలికి వస్తే మనుషులు పోతారని చిన్నప్పటి నుంచి విన్నాను. వెచ్చబడిన నా బుగ్గ మాత్రం ఇంకా బాగానే ఉంది.

చెప్పలేదు.

ఫిబ్రవరి 14, శనివారం

ఉదయం పిన్నిని తీసుకెళ్ళి చూపించాను. ఆమె కెమెరా ఎత్తలేదు. వెలుగు పోయేదాకా రెండు చేతులూ దానిలో పెట్టి, కడుక్కుంటున్నట్టు తిప్పుతూ ఉండిపోయింది.

"రేపు పెద్దలకు చెబుతాను పిన్నీ. ఫిర్యాదు తప్పని చెబుతాను."

"వద్దు."

"కెమెరా పోతుంది."

"పోతే పోనియ్యి. నువ్వు నోరు తెరిస్తే దాన్ని మూసేస్తారు. నాదేముంది, చూడాల్సినంత చూశా. నువ్వింకా మొదలే పెట్టలా."

"పెట్టుడు ఫొటో తీసిందని నీ పేరు మిగిలిపోతుంది."

"పేరుతో నీళ్ళు తెచ్చుకుంటానా ఏంది?" అంది. కానీ కెమెరా పట్టీని వేలికి చుట్టుకుంటూనే ఉంది, వేలు తెల్లబడేదాకా.

నేను ఒప్పుకోలేదు, ఆమె ఒప్పుకోలేదు. ఇద్దరం విడివిడిగా కిందికి దిగాం. మధ్యాహ్నం మాస్టారి ఇంటికి వెళ్ళాను. ఆయన బియ్యంలో రాళ్ళు ఏరుతున్నారు. కొలతలు, లాంతరు, వెలుగు, అన్నీ వరసగా చెప్పాను. ఏరడం ఆపకుండానే విన్నారు. చివర్లో చేట పక్కన పెట్టారు.

"నేను ఏం చెయ్యాలని నీ ఉద్దేశం?"

"మూసెయ్యక ముందు పెద్దలు చూడాలి మాస్టారూ."

"పెద్దలు మాత్రమేనా?"

మాస్టారే మళ్ళీ అందుకున్నారు.

"తప్పు పట్టినవాళ్ళకు ఒక హక్కుంది. ఫొటో తీసిన చోటు చూపించమని అడగొచ్చు. అడిగితే విచారణ గోడ దగ్గర కాదు, ఆ చోటనే జరగాలి. నేను బళ్ళో చేరాక ఎవరూ అడగలేదు. ఎందుకంటావు? ఇక్కడ చూడని చోటంటూ ఎవరికి ఏముందని."

"నేను అడుగుతాను."

"అడిగితే నీ వాక్యం తప్పని అందరి ముందూ తేలుతుంది. చప్పట్లు కొట్టినవాళ్ళే నవ్వుతారు. కప్పువాళ్ళు నిన్న ఎందుకు చెప్పలేదని అడుగుతారు, దానికి శిక్ష కూడా ఉండొచ్చు."

"తెలుసు."

"విచారణకు ఊళ్ళో ఎవరైనా రావొచ్చు. అది కూడా రూలే." ఆయన మళ్ళీ చేట అందుకున్నారు. "మూడో మెట్టు వీధిలో ఎంతమంది పడతారో నేనెప్పుడూ లెక్కపెట్టలేదు."

సున్నం కలిపి, నిచ్చెనలు వేసి పైకి ఎక్కడానికి కప్పువాళ్ళకు సగం పూట పడుతుంది. ఈలోపు వీధి నిండా మనుషులు తమ కళ్ళతో చూసేసి ఉంటారు. చిల్లు మూయొచ్చు. అంతమంది చూసినదాన్ని ఏ సున్నంతో మూస్తారు? రేపు మబ్బు అనేది ఏదైనా అడ్డం వస్తే వెలుగు రాకపోవచ్చు, పుస్తకంలో అలా ఉంది. రాకపోయినా కొలతలు ఉన్నాయి, యలమంద ఉన్నాడు, నా ఫిర్యాదును నేనే వెనక్కి తీసుకుంటాను. కెమెరా మాత్రం ఆమె మెడలోంచి దిగకూడదు.

సాయంత్రం అంకానికి చెప్పాను. ఒకటి, రెండు, నాలుగు మెట్లు వాడి వంతు. "ఏం చెప్పి పిలవాల?" అన్నాడు. ఏమీ చెప్పొద్దన్నాను. పిల్లల్ని కూడా తీసుకురమ్మని మాత్రం అనమన్నాను. యలమంద మూడో మెట్టు వాళ్ళను చూసుకుంటాడు. పిన్ని ఇంకా నాతో మాట్లాడడం లేదు. కానీ ఇందాక వాళ్ళ ఇంటి ముందు నుంచి వస్తుంటే ఎర్ర దీపం వెలుగుతోంది. కిటికీలోంచే, "చుట్టలో ఇంకా నాలుగు మిగిలినయ్యి" అంది.

రేపు మొదటి గంటకు ముందే లేవాలి. ముందు పెద్దల ఇళ్ళకు వెళ్ళి చోటు చూపించమని అడగాలి. అక్కడి నుంచి నేరుగా అయిదో మెట్టుకు దిగి తలుపులు తట్టడం మొదలుపెడతాను. వాళ్ళు ఎక్కి రావాల్సింది అందరికన్నా ఎక్కువ.